ఆటగాడు ఆప్షన్ తీసుకుంటాడా, వదులుకుంటాడా? జట్టు జీతాల లెక్క మీరే వేసి చూడండి

అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏ స్టార్ లెబ్రాన్ జేమ్స్ ఆప్షన్ (ఒప్పందంలోని చివరి ఏడాది ఉండాలా, వద్దా అని తేల్చుకునే వెసులుబాటు) తీసుకున్నాడనీ, లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కు 5.26 కోట్ల డాలర్ల జీతానికి మరో ఏడాది ఆడతాడనీ 2025 జూన్ 29న వార్త వచ్చింది. బాస్కెట్‌బాల్ చూసే మిత్రుల మధ్య వెంటనే రెండు మాటలు మొదలయ్యాయి. నలభై ఏళ్ల వయసులో కాస్త తగ్గించుకుని ఉంటే జట్టుకు మంచి సెంటర్ (బుట్ట దగ్గర ఆడే పొడవాటి ఆటగాడు) దొరికేవాడు కదా అన్నది ఒకటి. అసలు వదులుకుని వెళ్లిపోయి ఉంటే జట్టు చేతిలో ఐదు కోట్లు మిగిలేవి అన్నది రెండోది. రెండో మాట కూడికల్లోనే తప్పు. మొదటి మాట ఎంతవరకు నిజమో తేల్చాలంటే కాగితం మీద లెక్క వేయాల్సిందే.

ఆ లెక్క ఎలా వేయాలో ఇక్కడ చెబుతాను. ఉదాహరణగా 2025 వేసవి లేకర్స్‌నే తీసుకుందాం. పద్ధతి పట్టుబడితే ఎన్‌బీఏలోని ఏ జట్టు లెక్క అయినా గంటలో వేసుకోవచ్చు. కావలసింది ఒక తెల్లకాగితం, పెన్సిలు, ఆ జట్టు ఆటగాళ్ల జీతాల పట్టిక. జీతాలన్నీ బహిరంగంగా దొరుకుతాయి.

మొదటి పని: నాలుగు గీతలు గీయండి

అంకెలను ముందు మన లెక్కలోకి మార్చుకోండి. అమెరికా పట్టికల్లో అన్నీ మిలియన్లలో ఉంటాయి. దశాంశ బిందువును ఒక స్థానం ఎడమకు జరిపితే కోట్లు వస్తాయి. 154.6 మిలియన్లంటే 15.46 కోట్లు. చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, చదివినప్పుడు అంకె బరువు మనసుకు తెలియాలంటే ఇది అవసరం.

ఇప్పుడు కాగితం మీద కింది నుంచి పైకి నాలుగు అడ్డగీతలు గీసి, 2025-26 సీజన్ అంకెలు రాయండి. శాలరీ క్యాప్, అంటే జట్టు మొత్తం జీతాలకు లీగు పెట్టిన మొదటి పరిమితి, 15.46 కోట్ల డాలర్లు. లగ్జరీ ట్యాక్స్ గీత 18.79 కోట్లు. దాని పైన ఏప్రన్‌లు అనే రెండు కట్టడి గీతలు: ఫస్ట్ ఏప్రన్ 19.59 కోట్లు. సెకండ్ ఏప్రన్ 20.78 కోట్లు.

కొత్తగా చూసేవాళ్లు తడబడేది మొదటి గీత దగ్గరే. క్యాప్ అన్నారు కాబట్టి దాన్ని దాటకూడదేమో అనుకుంటారు. నిజానికి చాలా జట్లు దాన్ని దాటే ఉంటాయి. ఆ గీతకు కింద ఉన్న జట్టు మిగిలిన ఖాళీతో బయటి ఆటగాణ్ని నేరుగా కొనుక్కోవచ్చు. పైన ఉన్న జట్టు మాత్రం లీగుకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య ఉన్న ఒప్పందంలో రాసి ఉన్న మినహాయింపుల ద్వారానే ఎవరినైనా తీసుకోగలదు. రెండో గీత దాటితే యజమాని లీగుకు పన్ను కట్టాలి. దాటిన కొద్దీ పన్ను రేటు మెట్లు మెట్లుగా పెరుగుతుంది. ఈ పన్నును రెగ్యులర్ సీజన్ చివరి రోజున ఉన్న జీతాలను బట్టి లెక్కిస్తారు కాబట్టి, జులైలో గీత దాటిన జట్టు ఫిబ్రవరిలో ఒకరిని బదిలీ చేసి కిందికి దిగే వీలుంది.

అసలు కట్టడి ఆ ఒప్పందం 2023లో కొత్తగా అమల్లోకి రావడంతో మొదలైంది. సెకండ్ ఏప్రన్ దాటిన జట్టు ఇద్దరి జీతాలను కలిపి బదులుగా ఒక పెద్ద ఆటగాణ్ని తెచ్చుకోలేదు. బదిలీల్లో నగదు పంపలేదు. మిడ్‌లెవెల్ మినహాయింపు (క్యాప్ దాటిన జట్టు కూడా బయటి ఆటగాణ్ని ఒక పరిమితి దాకా జీతానికి తీసుకునే వీలు) పూర్తిగా పోతుంది. ఏడేళ్ల తర్వాతి మొదటి రౌండ్ డ్రాఫ్ట్ (కొత్త కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) అవకాశాన్ని ఎవరికీ ఇవ్వకుండా స్తంభింపజేస్తారు. యజమాని ఎంత సంపన్నుడైనా డబ్బుతో తీర్చుకోలేని శిక్షలివి. అందుకే ఈ రోజుల్లో ఆప్షన్ నిర్ణయాలన్నీ ఈ గీతల చుట్టూనే తిరుగుతున్నాయి.

అంకెలు ఏటా మారతాయి. లీగు ఆదాయాన్ని బట్టి క్యాప్ పెరుగుతుంది, అయితే ఒక ఏడాదిలో పది శాతానికి మించి పెరగకూడదు. 2024-25లో 14.06 కోట్లు ఉన్నది 15.46 అయింది. భాగించి చూడండి, సరిగ్గా ఆ పది శాతమే.

రెండో పని: పేర్లు రాసి కూడండి

ఎడమవైపు పేరు, కుడివైపు వచ్చే ఏడాది జీతం. ఖాయమైనవి పెన్నుతో, ఆప్షన్ మీద ఉన్నవి, హామీ లేనివి పెన్సిలుతో రాయండి. ఈ తేడా పాటించకపోతే తర్వాత అంతా గజిబిజి అవుతుంది.

లేకర్స్ కాగితం ఇలా ఉంటుంది. లూకా డాంచిచ్ 4.60 కోట్లు, రుయి హచిమురా 1.83, ఆస్టిన్ రీవ్స్ 1.39, జారెడ్ వాండర్‌బిల్ట్ 1.16, గేబ్ విన్సెంట్ 1.15, మాక్సి క్లీబర్ 1.10, డాల్టన్ కనెక్ట్ 0.40, బ్రానీ జేమ్స్ 0.20. ఎనిమిది మందికి కలిపి 11.83 కోట్లు. ఇవి పెన్నుతో రాసినవి. పెన్సిలుతో రెండు ఆప్షన్లు: లెబ్రాన్ 5.26, డోరియన్ ఫిన్నీ-స్మిత్ 1.54. హామీ లేని చిన్న ఒప్పందాలు రెండున్నాయి, షేక్ మిల్టన్‌ది, జోర్డాన్ గుడ్విన్‌ది. ఎప్పుడైనా తీసేయగలిగినవి కాబట్టి వాటిని ఇప్పటికి లెక్కలో కలపకండి.

మూడో పని: ఆప్షన్ ఎవరి చేతిలో ఉందో చూడండి

ఆటగాడి ఆప్షన్ అయితే ఉండాలా వద్దా అన్నది అతని ఇష్టం. టీమ్ ఆప్షన్ అయితే జట్టు ఇష్టం. సాధారణంగా రెండింటికీ గడువు జూన్ చివరి రోజుల్లోనే పడుతుంది. డ్రాఫ్ట్ మొదటి రౌండ్ కుర్రాళ్ల మూడో, నాలుగో ఏళ్ల ఆప్షన్లు మాత్రం జట్టువే. వాటిని ఏడాది ముందే, అక్టోబర్ 31లోగా తేల్చాలి.

జట్టు ఆప్షన్‌ను వదులుకుందంటే ఆటగాడు వద్దనుకుందని కాదు. 2025లో హ్యూస్టన్ రాకెట్స్ ఫ్రెడ్ వాన్‌వ్లీట్ మీద ఉన్న 4.49 కోట్ల టీమ్ ఆప్షన్‌ను వదులుకుని, అతనితోనే రెండేళ్లకు 5 కోట్ల కొత్త ఒప్పందం చేసుకుంది. జట్టుకు ఆ ఏడాది దాదాపు రెండు కోట్లు మిగిలాయి. ఆటగాడికి రెండో ఏడాది తన ఆప్షన్‌గా దక్కింది. ఆ సెప్టెంబర్‌లో అతని మోకాలి లిగమెంటు తెగింది. ఆ రెండో ఏడాది విలువ ఎంతో అప్పుడు తెలిసింది.

నాలుగో పని: ఆటగాడి స్థానంలో నిలబడి లెక్క వేయండి

చాలామంది ఈ పని చేయకుండానే దురాశ అనో, త్యాగం అనో పేరు పెట్టేస్తారు. అది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. కెరీర్ చిన్నది, ఒంటికి గాయం ఎప్పుడు తగులుతుందో తెలియదు. కాబట్టి మూడు ప్రశ్నలకు అంకెల్లో జవాబు రాయండి. ఆప్షన్ వదులుకుంటే అతనికి గరిష్ఠంగా ఎంత రావచ్చు? మొత్తం ఎన్నేళ్లకు హామీ దొరుకుతుంది? డబ్బు కాకుండా ఒప్పందంలో ఇంకేం కావాలి?

గరిష్ఠ జీతం సూత్రం ఇది. ఆరేళ్ల దాకా అనుభవం ఉంటే క్యాప్‌లో 25 శాతం, ఏడు నుంచి తొమ్మిదేళ్లకు 30, పదేళ్లు నిండితే 35. లేదా పాత జీతానికి 5 శాతం కలిపిన మొత్తం, ఏది ఎక్కువైతే అది. 2025లో లెబ్రాన్‌కు 15.46లో 35 శాతం అంటే 5.41 కోట్లు. ఆప్షన్ 5.26. అన్నీ కలిసొచ్చినా వదులుకుంటే అదనంగా వచ్చేది పదిహేను లక్షలే. దాని కోసం నలభై ఏళ్ల వయసులో చేతిలో ఉన్న హామీని ఎవరు వదులుకుంటారు?

దానికి ముందు వేసవిలో అతను చేసింది ఇందుకు పూర్తిగా భిన్నం. 2024లో అతని ఆప్షన్ 5.14 కోట్లు. దాన్ని వదులుకుని, మొదటి ఏడాదికి 4.87 కోట్లతో రెండేళ్ల ఒప్పందం రాసుకున్నాడు. ఆ ఏడాదికి చూస్తే దాదాపు 27 లక్షల డాలర్లు తగ్గాడు. ఎందుకు? మూడు ప్రశ్నలూ వేయండి. రెండో ఏడాదికి హామీతో పాటు ఆప్షన్ దొరికింది. తన అనుమతి లేకుండా బదిలీ చేయకూడదన్న షరతు దొరికింది. ఆ షరతు కొత్త ఒప్పందంలోనే పెట్టుకోవచ్చు, పాత ఒప్పందాన్ని పొడిగిస్తే రాదు. ఇక 4.87 అన్న అంకె చూడండి. అతనికి గరిష్ఠంగా దాదాపు 5 కోట్లు రావాలి. అక్కడి నుంచి పన్నెండు లక్షలకు పైగా కిందికి దిగింది జట్టు సెకండ్ ఏప్రన్‌కు, అంటే అప్పటి 18.89 కోట్లకు, కొద్ది తేడాతో లోపల ఉండేలా.

ఒక చిన్న సరిచూపు: 4.873ను 1.08తో గుణించండి. 5.263 వస్తుంది. సొంత జట్టుతో చేసుకునే ఒప్పందంలో ఏటా పెరగగలిగేది 8 శాతం. 2025 ఆప్షన్ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు మీకు తెలిసింది.

ఫిన్నీ-స్మిత్ లెక్క వేరు. వయసు 32. చేతిలో 1.54 కోట్ల ఏడాది. అతను దాన్ని వదులుకుని హ్యూస్టన్‌తో నాలుగేళ్లకు సుమారు 5.3 కోట్లకు సంతకం చేశాడు. ఏడాది సగటు తగ్గింది, మొత్తం పెరిగింది. ముప్పై దాటిన సహాయక ఆటగాళ్ల విషయంలో ఈ ధోరణి మీకు పదే పదే కనిపిస్తుంది.

ఆప్షన్ తీసుకోవడమంటే ఉండిపోవడమే అని కూడా అనుకోకండి. జేమ్స్ హార్డెన్ 2023లో ఫిలడెల్ఫియాతో 3.56 కోట్ల ఆప్షన్ తీసుకుని, అదే సమయంలో బదిలీ కోరాడు. వదులుకుని ఉంటే క్యాప్ ఖాళీ ఉన్న జట్టుకే అంత జీతానికి వెళ్లగలిగేవాడు. ఒప్పందం చేతిలో ఉంటే బదిలీ ద్వారా ఖాళీ లేని క్లిప్పర్స్‌కూ వెళ్లవచ్చు. అక్టోబర్ ఆఖరుకు వెళ్లాడు కూడా.

ఐదో పని: రెండు కాగితాలు వేయండి

ఇదే అసలైన భాగం. ఒక కాగితం మీద "తీసుకున్నాడు", ఇంకోదాని మీద "వదులుకుని వెళ్లాడు" అని రాసి, కింద పూర్తి లెక్క వేయండి.

లెబ్రాన్ వెళ్లిపోయాడనుకుందాం, ఫిన్నీ-స్మిత్ కూడా ఉండడనుకుందాం. ఎనిమిది మందికి 11.83 కోట్లు. జాబితాలో పన్నెండు మంది కన్నా తక్కువ ఉంటే, ఖాళీగా ఉన్న ఒక్కో స్థానానికి కొత్త ఆటగాడి కనీస జీతం, దాదాపు 12.7 లక్షలు, లెక్కలో కలుపుతారు. నాలుగు ఖాళీలకు 0.51 కోట్లు. మొత్తం 12.34. క్యాప్ 15.46 నుంచి తీసేస్తే మిగిలేది 3.12 కోట్లు. ఐదు కోట్ల ఆటగాడు పోతే దొరికే ఖాళీ మూడు కోట్లే! నేనూ మొదట్లో జీతాన్ని జీతంలా తీసేసి అంతా ఖాళీ అనుకునేవాణ్ని. జట్టు క్యాప్‌కు ఎంత పైన ఉందో అంత మేరకు ఆ జీతం ముందే కరిగిపోతుంది.

ఆ 3.12 దక్కాలన్నా ఇంకో పని చేయాలి. ఆప్షన్ వదులుకున్న ఆటగాడు ఫ్రీ ఏజెంట్ (ఏ జట్టుతోనైనా ఒప్పందం చేసుకోగలవాడు) అవుతాడు కానీ, అతని నీడ జట్టు లెక్కలో ఉంటుంది. దాన్ని క్యాప్ హోల్డ్ అంటారు. సగటు కన్నా ఎక్కువ జీతం ఉన్నవాడికి పాత జీతంలో 150 శాతం, గరిష్ఠ జీతానికి మించకుండా. లెబ్రాన్‌కు 5.41 కోట్లు. ఆ నీడ ఉన్నంత కాలం ఖాళీ లేదు. తీసేయాలంటే అతని మీద ఉన్న బర్డ్ హక్కును వదులుకోవాలి. ఆ హక్కు ఉంటే క్యాప్ దాటినా సొంత ఆటగాడికి గరిష్ఠ జీతం ఇచ్చి నిలుపుకోవచ్చు. ఒకసారి వదులుకుంటే తిరిగి రాదు.

ఇప్పుడు మొదటి మాటకు వద్దాం, కాస్త తగ్గించుకోవచ్చు కదా అన్నదానికి. లెబ్రాన్ తక్కువకు ఆడితే క్యాప్ ఖాళీ ఎంత వచ్చేదో చూడండి. పెన్నుతో రాసిన 11.83, రెండు ఖాళీ స్థానాలకు 0.25, మొత్తం 12.08. క్యాప్ దాకా మిగిలేది 3.38. అందులోనే లెబ్రాన్ జీతం, కొత్త సెంటర్ జీతం రెండూ పట్టాలి. ఆ సెంటర్‌కు 1.41 కోట్లు ఇవ్వాలంటే లెబ్రాన్ 1.97 కోట్లకు దిగాలి. అంటే 3.29 కోట్లు వదులుకోవాలి. 1.41 అంకెనే ఎందుకు తీసుకున్నానంటే, పెద్ద మిడ్‌లెవెల్ మినహాయింపు సరిగ్గా అంతే. క్యాప్ పైన ఉన్నా, ఫస్ట్ ఏప్రన్‌కు లోపల ఉంటే అది జట్టుకు ఎలాగూ దొరుకుతుంది. క్యాప్ కిందికి దిగిన జట్టుకు దాని బదులు 88 లక్షల చిన్న మినహాయింపు దక్కుతుంది నిజమే. అయినా 88 లక్షల కోసం ఒక మనిషిని 3.29 కోట్లు వదులుకోమనడం న్యాయమేనా, మీరే ఆలోచించండి.

ఆరో పని: ఏ పనిముట్టు మిగిలిందో గుర్తించండి

2025లో లేకర్స్ వేసవిని మలుపు తిప్పింది నిజానికి లెబ్రాన్ ఆప్షన్ కాదు, ఫిన్నీ-స్మిత్ ఆప్షన్. రెండో కాగితం అతని పేరు మీద వేయండి.

అతను ఉంటే: 11.83, లెబ్రాన్ 5.26, అతని 1.54, మొత్తం పది మందికి 18.63 కోట్లు. పద్నాలుగు మందిని నింపడానికి మరో నలుగురిని కనీస జీతానికి తీసుకుంటే, ఒక్కొక్కరికి దాదాపు 23 లక్షల చొప్పున, 19.55 దాకా వెళుతుంది. ఫస్ట్ ఏప్రన్ 19.59. పెద్ద మినహాయింపు పెట్టే చోటే లేదు. మిగిలేది పన్ను కట్టే జట్లకు ఇచ్చే 57 లక్షల మినహాయింపు ఒక్కటే.

అతను వెళితే: 17.09 కోట్లు. ఇక 1.41 కోట్ల మినహాయింపు పూర్తిగా పనికొస్తుంది. లేకర్స్ దాన్ని రెండు ముక్కలు చేసింది. పోర్ట్‌లాండ్ వదిలేసిన డీఆండ్రే ఏటన్‌కు 81 లక్షలు, జేక్ లరేవియాకు 60 లక్షలు. మిత్రులు అడిగిన సెంటర్ వచ్చాడు! తర్వాత మిల్టన్‌ను, గుడ్విన్‌ను తీసేసి, రెండేళ్లకోసారి వాడుకోగల 51 లక్షల మినహాయింపుతో మార్కస్ స్మార్ట్‌ను తెచ్చుకుంది.

అయితే పెద్ద మినహాయింపు ముట్టుకున్న జట్టు ఆ ఏడాదంతా ఫస్ట్ ఏప్రన్ దాటడానికి వీల్లేదు. ఒక్క డాలరు కూడా. మీ కాగితం మీద 19.59 గీతను ఎర్ర సిరాతో మళ్లీ దిద్దండి. 17.09కి 1.41, 0.51, జాక్సన్ హేస్ కనీస జీతం 0.23, కొత్త కుర్రాడు అడూ థియెరో 0.13 కలపండి. 19.37 వస్తుంది. ఇంకా 22 లక్షలు మిగిలాయి అనిపిస్తుంది కానీ, దక్కే అవకాశం తక్కువని ముద్రపడిన బోనస్‌లు కూడా ఏప్రన్ లెక్కలోకి వస్తాయి. వాటిని కలిపితే ఇంకొకరికి చోటు లేదు. లేకర్స్ పదిహేను మందికి బదులు పద్నాలుగు మందితో సీజన్ మొదలుపెట్టడానికి కారణం ఇదే.

చేయి తిరగడానికి ఇంకో జట్టు మీద ఇదే అభ్యాసం చేయండి. అదే వేసవిలో డల్లాస్‌లో కైరీ ఇర్వింగ్ 4.30 కోట్ల ఆప్షన్ వదులుకుని మూడేళ్లకు 11.9 కోట్ల ఒప్పందం చేసుకున్నాడు, మొదటి ఏడాది 3.66 కోట్లు. మార్చిలో మోకాలి లిగమెంటు తెగి ఉన్నవాడు. మిగిలిన ఆ చోటులో డల్లాస్ 57 లక్షల మినహాయింపు వాడి డి ఆంజెలో రసెల్‌ను తీసుకుంది. ఎవరికి ఏం దక్కిందో మూడు ప్రశ్నలతో మీరే రాయండి.

ఏడో పని: తర్వాతి వేసవుల గడి ఒకటి ఉంచండి

కాగితం కుడి అంచున ఒప్పందాలు ముగిసే ఏడాది రాయండి. లెబ్రాన్ 5.26 కోట్లు 2026 వేసవితో ముగుస్తాయి. ఏటన్, స్మార్ట్ ఇద్దరికీ రెండో ఏడాది ఆటగాడి ఆప్షనే, కాబట్టి అవి పెన్సిలు అంకెలు. డాంచిచ్ 2025 ఆగస్టులో చేసుకున్న మూడేళ్ల పొడిగింపు దాదాపు 16.5 కోట్లు, చివరి ఏడాది, అంటే 2028-29, అతని ఆప్షన్. ఆ ఏడాదే ఎందుకో చెప్పుకోండి చూద్దాం. అతను లీగులోకి వచ్చింది 2018లో. 2028 వేసవికి పదేళ్లు నిండుతాయి. 30 శాతం గరిష్ఠం 35 శాతంగా మారేది అప్పుడే. మూడేళ్ల ముందే ఆ తేదీ కోసం తలుపు తెరిచి పెట్టుకున్నాడన్నమాట.

ఇక సమయం సంగతి. ఫైనల్స్ ముగిసిన మర్నాటి నుంచే జట్టు తన సొంత ఫ్రీ ఏజెంట్లతో మాట్లాడుకోవచ్చు. బయటి వాళ్లతో మాటలు మొదలయ్యేది జూన్ 30 సాయంత్రం ఆరు గంటలకు, న్యూయార్క్ కాలమానంలో. డల్లాస్‌లో ఉన్న మన వాళ్లకు అది సాయంత్రం ఐదు. హైదరాబాద్‌లో, విశాఖలో జులై 1 తెల్లవారుజామున మూడున్నర. సంతకాలు చాలావరకు జులై 6 దాకా ఆగుతాయి. ఆ మధ్య వచ్చే ప్రతి వార్తకూ కాగితం మీద ఒక పెన్సిలు అంకె చెరిపి పెన్నుతో రాయండి, పక్కనే కొత్త మొత్తం వేసి ఏ గీతకు ఎంత దూరంలో ఉందో చూడండి.